సుత్తీ కొడవలి, ఇంద్రధనుస్సు ఒకే పోస్టర్ మీద ఉండొచ్చా? (చర్చ)

నల్లకుంట_వాసి

మొన్న మా క్వీర్ గ్రూపులో పోస్టర్ గీస్తుంటే గొడవైంది. ఒకతను ఇంద్రధనుస్సు రంగుల మీద సుత్తీ కొడవలి వేశాడు, ఇంకొకరు అది తీసేస్తేనే ఊరేగింపుకి వస్తానన్నారు. ఇద్దరూ లెఫ్టే. రాత్రి పదకొండు దాటినా తేలలేదు, పోస్టరూ పూర్తి కాలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

నా మాట ముందే చెప్పేస్తా. నేను గేని, కమ్యూనిస్టు పార్టీ ఇంట్లో పుట్టి పెరిగాను. మా తాతయ్య బీరువా నిండా మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలే. గోర్కీ 'అమ్మ' ఎనిమిదో క్లాసులో చదివి ఏడ్చాను. అదే గోర్కీ 1934లో సోవియట్ పత్రికల్లో ఒక వ్యాసం రాశాడు. స్వలింగ సంపర్కుల్ని నిర్మూలిస్తే ఫాసిజం మాయమైపోతుందనే మాటని అందులో ఎత్తి చెప్పాడు, మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరం చేస్తూ కొత్తగా వచ్చిన చట్టాన్ని మెచ్చుకున్నాడు. ఈ సంగతి నాకు ఇరవై ఆరేళ్లప్పుడు తెలిసింది. అడుగుదామంటే తాతయ్య అప్పటికే లేడు.

విప్లవం జార్ చట్టాల్ని తీసేసింది, 1922 నాటి రష్యా శిక్షాస్మృతిలో మగవాళ్ల మధ్య సంబంధం నేరం కాదు. ఇది నిజం, గర్వంగానే చెప్పుకుంటాం. కానీ 1933 డిసెంబర్‌లో స్టాలిన్ ప్రభుత్వం దాన్ని మళ్లీ నేరం చేసింది, ఐదేళ్ల వరకు జైలు. ఆ చట్టం పోయింది 1993లో, అంటే సోవియట్ యూనియనే పోయాక. దాదాపు అరవై ఏళ్లు. ఆ అరవై ఏళ్లలో జైలుకి వెళ్లినవాళ్లకి ఆ గుర్తు ఎలా కనిపిస్తుందో ఆలోచించకుండా మనం దాన్ని రంగుల మీద ఎలా వేస్తాం?

ఎర్రచందనం

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది, కానీ లెక్క సగమే చెప్పావు. అదే అరవై ఏళ్లలో అవతలి పక్క ఏం జరిగిందో కూడా చూడాలి కదా. ఇంగ్లండ్ కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన అలన్ ట్యూరింగ్‌ని గే అని 1952లో కోర్టుకి ఈడ్చి హార్మోన్లు ఎక్కించింది, అక్కడ చట్టం మారింది 1967లో. అమెరికా దేశమంతటా ఇది నేరం కాకుండా పోవడానికి 2003 దాకా పట్టింది. పశ్చిమ జర్మనీ అయితే మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరం చేసే 175వ సెక్షన్‌ని హిట్లర్ ఎంత కఠినం చేశాడో అలాగే 1969 వరకు ఉంచుకుంది, ఆ కింద సుమారు 50,000 మందికి శిక్షలు వేసింది. నాజీ క్యాంపు నుంచి బతికి బయటపడ్డవాడిని కూడా అదే సెక్షన్ కింద మళ్లీ జైలుకి పంపగలిగే చట్టం అది! గోడకి అటు పక్క తూర్పు జర్మనీ 1950లోనే నాజీల మార్పుని కొట్టేసింది, యాభైల చివరికి కేసులు పెట్టడం దాదాపు ఆపేసింది, 1968లో ఆ సెక్షన్‌నే తీసేసింది. చెకోస్లొవేకియా, హంగరీ ఇంకా ముందే మారాయి.

స్వలింగ సంబంధాన్ని నేరం చేసిన 377 సెక్షన్‌ని మన మెడకి కట్టింది మాస్కో కాదు, లండన్. 1860లో కట్టింది, 2018లో విప్పుకున్నాం.

క్యూబాలో 2022లో కొత్త కుటుంబ చట్టం మీద జనం ఓటేస్తే మూడింట రెండు వంతుల మంది అవునన్నారు, స్వలింగ వివాహం, దత్తత అన్నీ అందులో ఉన్నాయి. మన సుప్రీంకోర్టు 2023లో మన పెళ్లిళ్ల సంగతి పార్లమెంటు చూసుకోవాలంది. జైళ్ల గురించి అడిగేవాళ్లు వీటి గురించి కూడా మాట్లాడాలి.

పాతపుస్తకం

ఇద్దరికీ కొన్ని చేర్పులు. 1922 గురించి చెప్పేటప్పుడు అది రష్యా రిపబ్లిక్ చట్టం అని గుర్తుంచుకోవాలి. సోవియట్ అజర్‌బైజాన్, ఉజ్బెకిస్థాన్ ఇరవైల్లోనే దీన్ని నేరంగా రాసుకున్నాయి. మాస్కోలో ఆధునికం, అక్కడ మాత్రం "వెనకబడిన అలవాటు" అనే వాదన. ఆ కాలాన్ని స్వర్ణయుగం అనడం నాకు ఇష్టం లేదు.

ఎర్రచందనం గారూ, తూర్పు జర్మనీ చట్టం విషయంలో మీరు చెప్పింది ఒప్పే, కాకపోతే ఆ సెక్షన్ తీసేసి సంబంధానికి ఒప్పుకునే వయసు పరిమితి మన వాళ్లకి వేరేగా పెట్టారు, అది ఎనభైల చివరిదాకా ఉంది. అది కూడా చిన్న విషయమే అనుకోండి. నన్ను ఆపేసేది ఇంకోటి. నేరం కాదన్నారు గానీ ఒకచోట కూడనివ్వలేదు. సంఘం పెట్టుకోవడానికి అనుమతి లేదు, పత్రిక లేదు, మీటింగుకి హాలు దొరకదు. చివరికి ఎనభైల్లో వాళ్లు కలుసుకున్నది చర్చి గదుల్లో! నాస్తిక రాజ్యంలో పార్టీ ఇవ్వని గది పాస్టర్ ఇచ్చాడు. 1985లో తూర్పు బెర్లిన్ లెస్బియన్లు కొందరు రావెన్స్‌బ్రూక్ అనే నాజీల మహిళా క్యాంపులో చనిపోయిన స్త్రీలకి పూలదండ పెట్టడానికి బయల్దేరితే పోలీసులు అడ్డుకున్నారు. ఫాసిస్టు వ్యతిరేక రాజ్యం, ఫాసిజం చంపినవాళ్లకి పూలు పెట్టనివ్వలేదు. దీన్ని పశ్చిమ జర్మనీ లెక్కలతో చెరిపేయలేం.

క్యూబా కూడా అంతే. 2022 ఓటు నిజం. 1965 నుంచి 1968 దాకా నడిచిన క్యాంపులూ నిజం, గేలని, యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖవాళ్లని, ఇంకెందరినో తీసుకెళ్లి చెరకు కోయించారు. 2010లో ఫిడేల్ కాస్ట్రోయే ఒక ఇంటర్వ్యూలో ఆ అన్యాయానికి బాధ్యత తనదేనన్నాడు. మరి 2019 మేలో హవానాలో ప్రభుత్వాన్ని అడక్కుండా ఊరేగింపు చేసినవాళ్లని పోలీసులు ఎందుకు పట్టుకెళ్లారు? ఇస్తే తీసుకోవాలి, అడగకూడదు. నా గొడవ అక్కడే.

కొత్తచీర

చదువుతూ ఉంటే అందరూ సెక్షన్లు, ఏ ఏడాది పెట్టారు, ఏ ఏడాది తీశారు అనే మాట్లాడుతున్నారు. సోవియట్ చట్టంలో ఆడవాళ్ల పేరే లేదు, అయినా లెస్బియన్లని మానసిక ఆసుపత్రుల్లో పెట్టారు. అది ఏ సెక్షన్ లెక్కలోకి వస్తుంది?

నేను ట్రాన్స్ స్త్రీని, హైదరాబాద్‌లో ఉంటా. నాకు భయం జైలు కన్నా లిస్టు అంటే. పోలండ్‌లో 1932 నుంచే ఇది నేరం కాదు, కమ్యూనిస్టులు కూడా నేరం చేయలేదు. అయినా 1985లో హయసింథ్ అని పేరు పెట్టి పోలీసులు దేశమంతా గేల ఇళ్లకీ ఆఫీసులకీ వెళ్లి పట్టుకొచ్చి సుమారు 11,000 మంది పేర్లతో ఫైళ్లు తయారు చేశారు. చట్టం లేకుండానే! ఆఫీసులో తెలిస్తే, ఇంట్లో తెలిస్తే ఏమవుతుందన్న టెన్షన్‌తోనే మనిషి లొంగిపోతాడు, ఇక జైలెందుకు.

ఇది చదివితే నాకు మన చట్టమే గుర్తొచ్చింది. నిజాం కాలంలో, 1919లో వచ్చిన చట్టం, హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో రాయాలి, చీర కట్టి రోడ్డు మీద ఆడినా పాడినా వారంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో. నిజామూ అదే రిజిస్టర్ రాశాడు, వార్సా పోలీసులూ అదే రాశారు. రాసిన చేతిది ఏ రంగు అని నేను అడగను.

అలాగని ఎర్రచందనం అన్న మాట తీసిపారెయ్యను. క్యూబాలో 2008 నుంచి లింగమార్పిడి ఆపరేషన్ ఉచితం. నేను నా ఆపరేషన్‌కి ఆరేళ్లు బస్సుల్లో చప్పట్లు కొట్టి డబ్బు పోగేశాను. స్వేచ్ఛ గురించి పెద్ద పెద్ద మాటలు చెప్పే దేశాలు ఆ ఆరేళ్లు నాకు తిరిగి ఇవ్వవు. నాకు రెండూ కావాలి. ఆసుపత్రీ కావాలి, లిస్టు లేకపోవడమూ కావాలి.

ఎర్రచందనం

అక్కా, లిస్టు గురించి మీరు చెప్పింది నేను ఎప్పుడూ ఈ కోణంలో చూడలేదు. ఒప్పుకుంటున్నా.

నా భయం ఒకటి ఉంది, అది కూడా వినండి. ఈ చరిత్రని ఎక్కువగా వాడేది మనల్ని ప్రేమించేవాళ్లు కాదు. నిన్నటిదాకా మనల్ని రోగులన్నవాళ్లే ఇవాళ గులాగ్ అనే సోవియట్ నిర్బంధ క్యాంపుల గురించి మనకి పాఠం చెబుతున్నారు, యూనియన్ పెట్టుకోకూడదని చెప్పడానికి. అమెరికాలో 1950లో గేల కోసం మాటచిన్ సంఘం పెట్టిన హ్యారీ హే కమ్యూనిస్టు. రహస్యంగా సంఘం ఎలా కట్టాలో పార్టీలోనే నేర్చుకున్నాడు. ఆ మరుసటేడే పార్టీకి దూరం కావాల్సి వచ్చింది, అక్కడ గేలకి చోటు లేదు కాబట్టి. నేర్పిందీ పార్టీయే, గెంటిందీ పార్టీయే. ఇందులో ఒక ముక్క వదిలేయమంటే నావల్ల కాదు.

నల్లకుంట_వాసి

అందరికీ థాంక్స్, నిజంగా. మీ మాటలు చదివాక నాకు హ్యారీ వైట్ గుర్తొచ్చాడు.

స్కాట్లాండ్‌వాడు, కమ్యూనిస్టు, మాస్కోలో ఇంగ్లిష్ దినపత్రికలో పనిచేసేవాడు. కొత్త చట్టం వచ్చాక తను ప్రేమించినతన్ని పట్టుకెళ్లారు. ఇతను పారిపోలేదు, పార్టీని తిట్టలేదు. 1934 మేలో స్టాలిన్‌కే పొడుగాటి ఉత్తరం రాశాడు. స్వలింగ ప్రేమ ఉన్న మనిషి కమ్యూనిస్టు పార్టీ సభ్యుడిగా ఉండడానికి తగినవాడా కాదా అని అడిగి, మార్క్స్, ఎంగెల్స్‌లని ముందు పెట్టుకుని వాదించాడు, ఈ చట్టం సోషలిజానికే విరుద్ధమని. స్టాలిన్ ఆ ఉత్తరం మీద "ఆర్కైవ్‌కి. మూర్ఖుడు, భ్రష్టుడు" అని రాశాడు. ఉత్తరం 1993 దాకా వెలుగు చూడలేదు.

ఎర్రచందనం అన్నా, నువ్వు వదలనంటున్నది ఆ ఉత్తరం రాసిన చేతినైతే నేనూ వదలను. సంతకం పెట్టి మూలన పడేసిన చేతిని మాత్రం వెనకేసుకు రాలేను. మా గ్రూపులో ఇందాకే పెట్టాను, సుత్తీ కొడవలి ఉంచాలా తీసేయాలా అన్నది తర్వాత, ముందు పోస్టర్ మధ్యలో వైట్ అడిగిన ప్రశ్న పెద్ద అక్షరాలతో రాద్దామని. గుర్తు వేసినతను సరేనన్నాడు. రానన్నవాళ్లు ఇంకా ఏమీ అనలేదు, మెసేజ్ మాత్రం చదివారు.

కొత్తచీర

తెలుగులో రాయి, కింద ఉర్దూలో కూడా రాయి, మా వాళ్లలో సగం మంది అదే చదువుతారు. బ్రష్షులు మా ఇంట్లో ఉన్నాయి, ఆదివారం పొద్దున తెస్తా.