విమ్‌లో పైథాన్ ఫైల్ ఇండెంటేషన్ సరిచేసేదెలా?

సుబ్బు_సర్వర్:
అన్నలూ, పైథాన్ 2 కాలం నాటి స్క్రిప్ట్ ఒకటి మా టీమ్ నెత్తిన పడింది, పైథాన్ 3లో రన్ చేస్తే ట్యాబ్‌ఎర్రర్ అంటోంది. ఇండెంట్‌కి (లైన్ ముందున్న ఖాళీకి) కొన్ని లైన్లలో ట్యాబ్‌లు, కొన్నిటిలో స్పేస్‌లు ఉన్నట్టున్నాయి. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలో ఉన్న సర్వర్‌కి కనెక్ట్ అయ్యే పద్ధతి) లోంచే చేయాలి, అక్కడ విమ్ తప్ప ఇంకో ఎడిటర్ లేదు. జీ జీ = షిఫ్ట్ జీ కొడితే ఫైల్ మొత్తం సెట్ అయిపోతుందంట కదా, కొట్టేయొచ్చా?

పాత_టెర్మినల్:
వద్దు బ్రో. సీ, జావా అయితే కొట్టేయ్, బ్రాకెట్లు ఉంటాయి కాబట్టి బ్లాక్ ఎక్కడ అయిపోయిందో విమ్‌కి తెలుస్తుంది. పైథాన్‌లో ఇండెంటే బ్లాక్, లూప్ బయటి లైన్ లోపలికి పోయినా ఎర్రర్ కూడా రాదు, లెక్క మాత్రం తప్పొస్తుంది. ఒకవేళ కొట్టేసినా యూ నొక్కితే వెనక్కొస్తుందిలే.

ముందు :సెట్ లిస్ట్ పెట్టి చూడు, ట్యాబ్ ఉన్నచోటల్లా ^ఐ అని కనిపిస్తుంది. తర్వాత ట్యాబ్‌స్టాప్ (ట్యాబ్ ఎన్ని కాలమ్‌లో చెప్పేది) 8 పెట్టు, ఎక్స్‌పాండ్‌ట్యాబ్ (ట్యాబ్‌ల బదులు స్పేస్‌లు) ఆన్ చెయ్, అప్పుడు :రీట్యాబ్ కొడితే ఉన్న ట్యాబ్‌లు స్పేస్‌లైపోతాయి. అందరూ 4 పెట్టమంటారు గానీ పైథాన్ 2 ట్యాబ్‌ని 8 కాలమ్‌ల లెక్కనే చూసేది, నువ్వు 4 పెట్టి రీట్యాబ్ చేస్తే ట్యాబ్‌లు, స్పేస్‌లు రెండూ కలిసిన చోట లైన్లు వేరే బ్లాక్‌లోకి జారిపోతాయి.

నైట్‌షిఫ్ట్_రాణి:
పైన చెప్పింది కరెక్టే, ఒక్కటి చూసుకోండి, రీట్యాబ్ స్ట్రింగ్‌ల (కోట్స్‌లో రాసిన టెక్స్ట్) లోపలున్న ట్యాబ్‌లని కూడా మార్చేస్తుంది, స్క్రిప్ట్ ట్యాబ్‌లతో ఉన్న డేటా ఫైల్ ఏదైనా చదువుతుంటే స్ప్లిట్ చేసే లైన్లు ఒకసారి చెక్ చేయండి.

తర్వాత చేత్తో సరిచేయడానికి షిఫ్ట్‌విడ్త్ (ఒక మెట్టుకి ఎన్ని స్పేస్‌లో చెప్పేది) 4 పెట్టుకోండి. షిఫ్ట్ వీ తో లైన్లు సెలెక్ట్ చేసి > కొడితే లోపలికి, < కొడితే బయటికి, చాలకపోతే చుక్క నొక్కుతూ పోండి, ప్రతిసారీ ఇంకో మెట్టు జరుగుతుంది. ఒక్క లైనే అయితే >> చాలు, 5>> అంటే కర్సర్ ఉన్న లైన్ నుంచి 5 లైన్లు.

సుబ్బు_సర్వర్:
8 పెట్టి చేశా, ట్యాబ్‌ఎర్రర్ పోయింది, థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. ఇప్పుడు ప్రింట్ దగ్గర సింటాక్స్ ఎర్రర్ అంటోంది 😭 ఇంకోటి, బయట కాపీ చేసిన కోడ్ విమ్‌లో పేస్ట్ చేస్తుంటే ప్రతి లైనూ కుడికి జరుక్కుంటూ పోతోందేంటి?

పాత_టెర్మినల్:
అది ఆటోఇండెంట్ పని, కొత్త లైన్‌కి ఇండెంట్ విమ్ తనే పెట్టేస్తుంది. పేస్ట్ చేసేముందు :సెట్ పేస్ట్, అయ్యాక :సెట్ నోపేస్ట్. ప్రింట్‌కి ఏముంది, పైథాన్ 3లో అది ఫంక్షన్, బ్రాకెట్లు పెట్టు.