గర్భసంచి తీసేయాలంటున్నారు: ఇంకొక డాక్టరును అడగడం తప్పవుతుందా?

ప్రశ్న, పల్నాడు జిల్లా నుంచి:

మా అక్కకు 36 ఏళ్లు, మిర్చి కోతలకు, పత్తి తీతలకు వెళ్తుంది. ఐదారు నెలలుగా నెలసరి వస్తే పన్నెండు రోజుల దాకా ఆగడం లేదు. మా ఊరి ఆర్‌ఎంపీ గారు దగ్గరుండి పట్టణంలోని ఒక నర్సింగ్ హోముకు తీసుకెళ్తే, అక్కడ స్కానింగ్ తీసి, గడ్డ ఉందని, తీసేయకపోతే క్యాన్సర్ అవుతుందని, సోమవారమే ఆపరేషన్‌కు రమ్మని చెప్పారు. లోపల ఐదు నిమిషాలు కూడా కూర్చోలేదు. రిపోర్టులో 2.5 సెంటీమీటర్ల గడ్డ అని మాత్రమే ఉంది. ఇద్దరు పిల్లలు పుట్టి, పిల్లల ఆపరేషన్ కూడా అయిపోయాక ఆ సంచితో ఇక పనేముందని, నెలనెలా కూలి పోగొట్టుకోవడం కంటే ఒకేసారి వదిలించుకోవడం మేలని అక్క అంటోంది. మా అమ్మకు 32 ఏళ్లకే ఇలాగే తీసేశారు. నలభై నిండకముందే ఒళ్లు నొప్పులతో పొలం పని మానేసింది. అందుకే నాకు నమ్మకం కుదరడం లేదు. వేరే చోట చూపిస్తే ఆర్‌ఎంపీ గారు చిన్నబుచ్చుకుంటారేమోనని వెనకాడుతున్నాను.

జవాబు, ప్రభుత్వ ఆసుపత్రి స్త్రీల వైద్యురాలు:

అమ్మా, ఇలాంటి గడ్డ క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. అది లోపలి పొరలోకి పొడుచుకొచ్చి ఉంటే చిన్నదైనా రక్తస్రావం ఎక్కువవుతుంది కనుక, ఎంత ఉందన్న దానికన్నా ఎక్కడ ఉందన్నది ముఖ్యం. ముందుగా రక్తం శాతం, థైరాయిడ్, పాప్ స్మియర్ (గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పరీక్ష) చూడాలి, అవసరమైతే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. చాలామందికి మాత్రలతోనో, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్‌తోనో తగ్గుతుంది. అవి పనిచేయనప్పుడు ఆపరేషన్ సరైనదే, నేనూ చేస్తాను. కానీ ఈ వయసులో అండాశయాలు కూడా తీసేస్తే నెలసరి ఆగిపోయిన ముసలితనం ఒక్కసారిగా మీదపడుతుంది, ఎముకలు గుల్లబారతాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. మన ఆడవాళ్లకు మాత్రమే జబ్బులు అంత ఎక్కువగా ఉన్నాయని నేను అనుకోను. మీ అనుమానం న్యాయమైనది.

జవాబు, ఒక పాఠకుడు:

నర్సింగ్ హోములకు రోగులను పంపి కమీషన్ తీసుకుంటారని ఆర్‌ఎంపీల గురించి చాలామంది అంటుంటారు. వాళ్లందరినీ అలా తీసిపారేయడం నాకు బాధ కలిగిస్తుంది. కమీషన్లు ఉన్నమాట నిజమే. కానీ అర్ధరాత్రి మా నాన్నకు ఆయాసం వస్తే తలుపు కొట్టగానే లేచి వచ్చింది మా ఊరి ఆర్‌ఎంపీయే, డబ్బులు పంట చేతికొచ్చాక తీసుకున్నదీ ఆయనే. మీరు మీ ఆర్‌ఎంపీ గారిని పక్కన పెట్టకుండా, గుంటూరు పెద్దాసుపత్రికి కూడా చూపిద్దాం, మీరూ రండి అని అడిగి చూడండి.

జవాబు, న్యాయవాది:

సమీరా కోహ్లీ కేసులో పరీక్ష కోసం మత్తులో ఉన్న మహిళకు, ఆమె తల్లి సమ్మతితో గర్భసంచి, అండాశయాలు తీసేస్తే, ఆ సమ్మతి చెల్లదని సుప్రీంకోర్టు 2008లో తేల్చింది. కాబట్టి సంతకం మీ అక్కదే కావాలి, అదీ విషయమంతా అర్థమయ్యేలా చెప్పించుకున్న తరువాతే. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం, రోగి అడిగిన 72 గంటల్లోగా డాక్టరు ఆమె వైద్య రికార్డులు ఇవ్వాలి.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తరువాత:

ఆర్‌ఎంపీ గారు మాతోపాటే గుంటూరు వచ్చారు. అక్కడి మేడమ్ స్కానింగ్ తెరను అక్క వైపు తిప్పి, గడ్డ గోడ బయటి వైపు ఉందని వేలితో చూపించారు. ఇన్నాళ్లలో తన కడుపులో ఏముందో అక్క చూడడం అదే మొదటిసారి. రక్తం 8 గ్రాములే ఉంది. మూడు నెలలకు మాత్రలు రాశారు. ముక్క పరీక్ష రిపోర్టు ఇంకా రావాలి. సోమవారం ఆపరేషన్‌కు మేము వెళ్లలేదు.