బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్: ఎమ్మెస్సీయా, ఉద్యోగమా? ఎక్కడ చూసి నిర్ణయించుకోవాలి?

ప్రశ్న (విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా):
నమస్తే అండీ. మా కాలేజీలో ప్లేస్‌మెంట్ సెల్ పేరుకే ఉంది. నాన్న ఎమ్మెస్సీ చెయ్యమంటున్నారు, అన్నయ్య ఉద్యోగం చూసుకోమంటున్నాడు. ఒక శిక్షణ సంస్థ వాళ్లేమో ముప్పై వేలు కడితే ఫార్మాలో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. కట్టొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (క్యూసీ ఉద్యోగి, పరవాడ):
డబ్బు మాత్రం కట్టకు చెల్లీ. ఆ గ్యారంటీ ఏదో కాగితం మీద రాసిమ్మను, అప్పుడు ఏమంటారో చూడు. మా క్యూసీలో, అంటే మందుల నాణ్యత పరీక్షించే విభాగంలో, ఫ్రెషర్లను మేం అడిగేవి నీ సిలబస్‌లోవే. మోలారిటీకి, నార్మాలిటీకి తేడా, ఒక డైల్యూషన్ లెక్క, బఫర్ ఎలా పనిచేస్తుంది, ఇలాంటివి. మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మీద ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది. అందులో పదార్థాలు విడిపోయే గొట్టం, అదే సీ18 కాలమ్‌లో ఏది ముందు బయటికొస్తుంది అంటే, పోలారిటీ ఎక్కువున్నది అని చాలామంది చెప్పేస్తారు. ఎందుకని అడిగితే ఆగిపోతారు. ఆ 'ఎందుకు' చెప్పగలిగినవాళ్లనే నేను తీసుకోమంటాను. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో అనలిటికల్ కెమిస్ట్రీ పాఠాలు ఉచితంగా వినొచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. మీకు దగ్గర్లో పైడిభీమవరంలోనే కంపెనీలున్నాయి. షిఫ్టులు, బస్సు సంగతి మాత్రం చేరేముందే అడిగి తెలుసుకో.

జవాబు (డిగ్రీ కాలేజీ లెక్చరర్):
అమ్మా, రెండింట్లో ఒకటి ఇవాళే తేల్చుకోనక్కర్లేదు. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి రాసే ప్రవేశ పరీక్ష జామ్. దాని దరఖాస్తులు మామూలుగా సెప్టెంబరులో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. ఫైనలియర్ వాళ్లూ రాయొచ్చు. ఆ స్కోరుతో ఐఐటీలే కాదు, సీసీఎంఎన్ అనే ఉమ్మడి కౌన్సెలింగ్ ద్వారా వరంగల్ లాంటి ఎన్ఐటీల్లోనూ సీటు రావచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, ఆంధ్రా యూనివర్సిటీకి ఏపీ పీజీసెట్ రాయాలి. అన్నీ రాస్తూనే ఉద్యోగానికీ ప్రయత్నించవచ్చు.

మా పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది సర్టిఫికెట్ల దగ్గర. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉంటే, ఇలాంటి కేంద్ర సంస్థల్లో రిజర్వేషన్‌కు రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, అదీ నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీ తర్వాత తీసుకున్నదై ఉండాలి. సీటొచ్చాక దీనికోసం పరుగులు పెట్టిన పిల్లల్ని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఇప్పుడే సచివాలయంలో కనుక్కోండి.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:
చాలా థాంక్స్ సర్, అన్నా. డబ్బు కట్టడం లేదని ఇంట్లో చెప్పేశాను. డిగ్రీ అయ్యాక అప్రెంటిస్‌షిప్ చెయ్యొచ్చని ఒక ఫ్రెండ్ అంటోంది, నిజమేనా?

జవాబు (క్యూసీ ఉద్యోగి, పరవాడ):
నిజమే. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ నాట్స్‌లో రిజిస్టర్ చేసుకో. సాధారణంగా ఏడాది పాటు, స్టైపెండ్ ఇస్తారు. నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లోనూ పేరు పెట్టు, అదీ ఉచితమే. దాని పేరు చెప్పి ఎవరైనా డబ్బడిగితే మోసమే. అక్కడ క్యూసీ కెమిస్ట్ ప్రకటనలు ఓ పది చదివి, మళ్లీ మళ్లీ కనిపించే నైపుణ్యాలు రాసుకో. అవే నీ రెజ్యూమెలో ముందుండాలి.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:
సరే అన్నా. జామ్ పాత పేపర్లు ఎక్కడ దొరుకుతాయి?

జవాబు (డిగ్రీ కాలేజీ లెక్చరర్):
జామ్ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా ఉంటాయమ్మా. 60 ప్రశ్నలు, 100 మార్కులు, 3 గంటలు. కొత్తగా ఏమీ చదవకుండా ఒక పేపరు టైం పెట్టుకుని రాసి, మార్కులు ఇక్కడ చెప్పండి. ఫిజికల్, ఆర్గానిక్, ఇనార్గానిక్‌లలో దేనితో మొదలుపెట్టాలో అప్పుడు చూద్దాం.