సేవ్ కొడితే ఒకటిన్నర నిమిషం బిగుసుకుపోతోంది, సీపీయూ చూస్తే 25 శాతమే!

కందుకూరు డ్రాఫ్ట్స్‌మన్ (రాత్రి 11.40)
సాయంత్రం 6 నుంచి దీంతోనే కుస్తీ. ప్లాన్లు గీసే ఆటోక్యాడ్‌లో ఒక ప్లాట్ల లేఅవుట్ డ్రాయింగ్. సేవ్ కొట్టగానే చక్రం తిరగడం మొదలు, ఒకటిన్నర నిమిషం కదలదు. తెర మీది బొమ్మను మళ్లీ గీయించే రీజెన్ ఇచ్చినా అదే వరస. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 25 శాతం దగ్గర అతుక్కుపోయింది. 75 శాతం ఖాళీగా పెట్టుకుని ఈ సిస్టమ్ చేస్తున్నదేంది? యాంటీవైరస్ ఆపేశా. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించా. ఏం తేడా లేదు. రేపు పొద్దున 10 గంటలకు పార్టీ ప్రింట్లకు వస్తాడు. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి, టెన్షన్‌తో చస్తున్నా.

ఎఫ్8
ఫైల్ సైజు? ఎక్కడ సేవ్ అవుతోంది? ఏ ప్రాసెసర్?

కందుకూరు డ్రాఫ్ట్స్‌మన్
ఐ5 ఏడో తరం, 8 జీబీ ర్యామ్. ఫైల్ మామూలుదే అన్నా.

ఎఫ్8
మామూలు అంటే ఎన్ని ఎంబీ?

కందుకూరు డ్రాఫ్ట్స్‌మన్
38.

ఎఫ్8
లేఅవుట్‌కి 38 మామూలు కాదు.

నెల్లూరు ట్రంక్ రోడ్
8 జీబీ చాలదు. 16 వేయించుకోండి, గాలిలో తేలిపోతుంది.

చీమకుర్తి గెలాక్సీ
ర్యామ్ కాదు సార్ ఇది. ఆ 25 శాతాన్ని చూసి ఖాళీగా ఉందనుకోవద్దు. ఏడో తరం డెస్క్‌టాప్ ఐ5లో లెక్కలు చేసే కోర్లు 4 ఉంటాయి. ఆటోక్యాడ్ చాలా పనులు ఒక్క కోర్ మీదే చేస్తుంది. నాలుగింట్లో ఒకటి నూటికి నూరు పనిచేస్తే మొత్తం మీద 25గా కనిపిస్తుంది. మా క్వారీలో నలుగురు పనివాళ్లుంటే ఒకడే గునపం పట్టి, మిగతా ముగ్గురూ బీడీలు కాలుస్తున్నట్టు. అదే ఒకేసారి 8 పనులు నడిపే (8 థ్రెడ్ల) సిస్టమ్‌లో అయితే 12, 13 దగ్గర ఆగేది, మీరు ఇంకా గాభరా పడేవాళ్లు. ఆ ఒక్క కోర్‌ని ఏ పని తినేస్తోందో వెతకాలి.

లైసెన్సుదారు
అసలు విషయం ఎవరూ అడగడం లేదు. సాఫ్ట్‌వేర్ కొన్నదేనా, క్రాకా? మన దగ్గర సగం ఆఫీసుల్లో క్రాక్ వేసుకుని, అది సతాయిస్తే ఇక్కడికొచ్చి ఏడుస్తారు. ఆ క్రాక్‌తో పాటు ఏమేం లోపలికొస్తాయో తెలుసా? నెల చందా కట్టుకోలేకపోతే తక్కువ ధరలో వేరే క్యాడ్‌లు ఉన్నాయి. నేను మూడేళ్లుగా చెబుతున్నా, వినేదెవరు.

కందుకూరు డ్రాఫ్ట్స్‌మన్
కొన్నదే సార్. బిల్లు కూడా పెట్టమంటారా?

ఎఫ్8
ఫైల్ ఎక్కడుందో ఇంకా చెప్పలేదు.

కందుకూరు డ్రాఫ్ట్స్‌మన్
పెన్‌డ్రైవ్‌లో. ఇంటికి తీసుకెళ్లాలి కదా.

ఎఫ్8
దేవుడా. డి డ్రైవ్‌లోకి కాపీ చేసి, దాన్ని తెరువు.

చీమకుర్తి గెలాక్సీ
ఇది మొదటి పోస్ట్‌లోనే రాయాల్సిన మాట తమ్ముడూ. సేవ్ కొట్టినప్పుడు అది ముందు అదే ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైల్ రాస్తుంది, తర్వాత పాతదాన్ని బ్యాకప్‌గా పేరు మారుస్తుంది. పెన్‌డ్రైవ్ మీద ఆ రాతంతా నత్తనడకే. పనిలో పని, వాడని చెత్తను తీసేసే పర్జ్ ముందు మైనస్ గుర్తు పెట్టి కొట్టి, రెగ్‌యాప్స్ (వేరే ప్రోగ్రామ్‌లు డ్రాయింగ్‌లో వదిలేసిన పేర్లు) కూడా తీసేయి. వేరేవాళ్ల సర్వే డ్రాయింగ్‌లు తెచ్చి అతికించినప్పుడు అవి వేలల్లో పేరుకుంటాయి. తర్వాత తప్పులు వెతికి సరిచేసే ఆడిట్. ఐసేవ్‌పర్సెంట్ (ఫైల్‌లో ఎంత శాతం వృథా చోటును ఓర్చుకోవాలో చెప్పే సెట్టింగ్) ఎంతుందో కూడా చూడు. మామూలుగా 50 ఉండాలి. 0 ఉంటే ప్రతిసారీ ఫైల్ మొత్తాన్ని మొదటి నుంచి రాస్తుంది.

కందుకూరు డ్రాఫ్ట్స్‌మన్ (12.35)
పర్జ్ చేస్తే 38 కాస్తా 21కి దిగింది. డి డ్రైవ్‌లో సేవ్ 50 సెకన్లు. కానీ రీజెన్ మారలేదు, 25 శాతం అలాగే ఉంది. హ్యాచ్‌లు (గీతలతో నింపిన భాగాలు) ఎక్కువ లేవు. 412 ప్లాట్లు, రోడ్లు, పార్కు స్థలం. ప్రతి ప్లాట్‌లో గజాలు, సెంట్లు, అంకణాలు రాసి ఉన్నాయి, అంతే.

పాత గొలుసు
అంకణాలా? ఏ అంకణం బాబూ? నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. సెంటుకు 6 అంకణాల పైచిలుకు. ఏదో ఒక లెక్క వేసి ప్లాను మీద రాస్తే రేపు రిజిస్ట్రేషన్ దగ్గర తల పట్టుకుంటారు.

తిరుచానూరు
మా తిరుపతి వైపు అంకణం 36 అడుగులే.

పాత గొలుసు
అందుకే అడిగింది. మీది అంకణం కాదు, అర అంకణం.

నెల్లూరు ట్రంక్ రోడ్
అయినా కందుకూరులో అంకణాలేంది? 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారని కొలతలు కూడా కలిపేశారా? అక్కడ గజాలూ సెంట్లే కదా.

కందుకూరు డ్రాఫ్ట్స్‌మన్
పార్టీది నెల్లూరు సార్, ఆయనకు అంకణాల్లో చెబితేగానీ ఎక్కదు. పైగా చేత్తో రాసిన లెక్క కాదు. డ్రాయింగ్ మీటర్లలో ఉంది. ప్లాట్ గీతకు ఏరియా ఫీల్డ్ (విస్తీర్ణాన్ని తనే లెక్కేసి చూపే అంకె) కట్టి, అంకణాల కోసం 0.1495తో గుణించాం. గీత జరిపితే అంకెలు వాటంతటవే మారతాయి.

పాత గొలుసు
0.1495 అంటే 72 లెక్కే. సరే, ఒప్పుకుంటా.

ఎఫ్8
ఆగు. ఫీల్డా? ఎన్ని?

కందుకూరు డ్రాఫ్ట్స్‌మన్
ప్లాట్‌కి మూడు, అంటే 1236. పక్కన ఏరియా టేబుల్‌లో మళ్లీ అన్నే.

ఎఫ్8
దొంగ దొరికాడు. ఫీల్డ్‌ఇవాల్ అని కొట్టు, మధ్యలో ఖాళీ లేకుండా. ఫీల్డులను ఎప్పుడు లెక్కవేయాలో చెప్పే సెట్టింగ్ అది. 31 ఉంటుంది. 4 పెట్టు.

చీమకుర్తి గెలాక్సీ
అవును, నాకు తట్టలేదు చూడండి! ఆ 31లో తెరిచినప్పుడు 1, సేవ్‌కి 2, ప్రింట్‌కి 4, ఫైళ్లు మూటగట్టి పంపే ఈ-ట్రాన్స్‌మిట్‌కి 8, రీజెన్‌కి 16. అంటే నువ్వు సేవ్ కొట్టిన ప్రతిసారీ రెండున్నర వేల ఫీల్డుల లెక్క మళ్లీ మొదటి నుంచి. 4 పెడితే ప్రింట్ తీసేటప్పుడే చూసుకుంటుంది. మధ్యలో కావాలంటే అప్‌డేట్‌ఫీల్డ్ ఇచ్చి అన్నీ సెలెక్ట్ చెయ్యి. ఒకటి గుర్తుపెట్టుకో, ఈ సెట్టింగ్ ఆ డ్రాయింగ్ వరకే. వేరే ఫైల్ తెరిస్తే మళ్లీ 31.

లైసెన్సుదారు
బిల్లు పెట్టమంటే పెట్టలేదు గమనించారా.

కందుకూరు డ్రాఫ్ట్స్‌మన్ (1.10)
4 సెకన్లు! రీజెన్ కూడా ఠక్కున అయిపోతోంది. థ్యాంక్స్ అన్నా. పెద్ద ప్రింట్లు తీసే ప్లాటర్‌లో కాగితం రోల్ ఉందో లేదో చూసుకోవాలి, ఉంటా.

తిరుచానూరు
అర అంకణం అన్నవారికి: మా తాతల దస్తావేజుల్లో అంకణం అంటే 36 అడుగులే. ఫొటో పెట్టమంటే పెడతా.

పాత గొలుసు
పెట్టండి, చూద్దాం.

చీమకుర్తి గెలాక్సీ (మర్నాడు ఉదయం 9.05)
తమ్ముడూ, ఐసేవ్‌పర్సెంట్ ఎంతుందో చూశావా?