'అర్థం', 'అర్ధం' తప్పులను ఒకేసారి దిద్దడం ఎలా?

పెద్ద తెలుగు ఫైళ్లలో ఒత్తుల తప్పులు దిద్దడానికి వెతికి మార్చే జాబితా ఒకటి తయారుచేస్తున్నాను. 'విద్యార్ధి', 'ప్రార్ధన' తేలికే, అక్కడ ఎప్పుడూ 'ర్థ'నే రావాలి. చిక్కంతా 'అర్ధం'తోనే. సగం అన్నప్పుడు అదే సరైనది, భావం అన్నప్పుడు 'అర్థం' కావాలి. గంపగుత్తగా మారిస్తే అర్ధరాత్రి, అర్ధచంద్రుడు పాడవుతాయి. రెండూ సరైన మాటలే కాబట్టి స్పెల్‌చెకర్ పట్టదు. సంధి కలిసిన 'అర్ధమైందనుకుంటే' లాంటివి దాని నిఘంటువులోనే ఉండవు.

'భాద'ను 'బాధ' చేసినా ఇదే తంటా, భాద్రపదం కాస్తా 'బాధ్రపదం' అవుతుంది! 'ద' తర్వాత పొల్లు ఉంటే వదిలేయమని రెగెక్స్‌లో (అక్షరాల నమూనాను బట్టి వెతికే సూత్రంలో) రాస్తే అది ఆగుతుంది గానీ, 'భాద్యత' తప్పించుకుంటుంది. దానికి విడిగా ఇంకో వరుస పెట్టాను.

'అర్ధం' పక్కన అవు, చేసుకొను క్రియారూపాలు ఉంటేనే మార్చే నియమం రాశాను. మరి 'దీని అర్ధం', 'అర్ధవంతం', 'అర్ధంపర్ధం' లాంటివి? మినహాయింపుల జాబితాతో మొదలుపెట్టడం మేలా? ఎవరి దగ్గరైనా పనిచేసే రెగెక్స్ ఉంటే పెట్టండి.