ల్యాప్‌టాప్‌లో ఒక రంగు, ప్రింటులో ఇంకో రంగు: కాలిబ్రేషన్ ఎలా చేసుకున్నారు?

తుని_ఆల్బమ్స్:
పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. మొన్నటి ఆల్బమ్‌లో చిలకపచ్చ పట్టుచీర ముదురాకుపచ్చగా వచ్చింది. ముఖాలన్నీ చీకటిగా, పసుపు పూసినట్టు ఉన్నాయి. "ఇది మా అమ్మాయి చీర కాదు బాబూ" అన్నారు పెళ్లికూతురి అమ్మగారు. షీట్లన్నీ నా డబ్బుతో మళ్లీ వేయించాను. విండోస్‌లో ఉన్న కాలిబ్రేషన్ (స్క్రీన్ రంగుల్ని సరిచేసే టూల్) రెండుసార్లు చేశాను, తేడా లేదు. స్క్రీన్ రంగుల్ని కొలిచే మీటర్ కొనక తప్పదా?

రంగుల_పెట్టె:
అన్నా, ముందు బ్రైట్‌నెస్ ఎంతలో పెట్టి ఎడిట్ చేస్తున్నారు? ఫుల్‌లో పెడితే ఫొటో మరీ వెలుగ్గా కనిపించి మనమే తగ్గించేస్తాం. కాగితానికి సొంత వెలుగు ఉండదు కదా, చీకటిగా వస్తుంది. ప్రింటు పనికి 100 నుంచి 120 నిట్లు (స్క్రీన్ వెలుగు కొలత) చాలు. మీటర్ లేకపోతే పక్కన తెల్ల కాగితం పెట్టుకుని, స్క్రీన్‌లోని తెలుపు దానికి దగ్గరయ్యేదాకా తగ్గించండి. స్క్రీన్‌ను పసుపుగా మార్చే నైట్ లైట్ ఆపేయండి.

గోదారి_గట్టు:
ఛార్జర్ పెట్టే పని చేయండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ మీద ఉంటే, బొమ్మను బట్టి గ్రాఫిక్స్ డ్రైవరే కాంట్రాస్ట్ మార్చేస్తుంది. ఇది తెలియక రెండు రాత్రులు నిద్ర పోగొట్టుకున్నాను.

ప్రింట్_పిచ్చి:
పసుపు సంగతి నాకూ అనుభవమే. చాలా ల్యాప్‌టాప్ తెరల్లో తెలుపు కొంచెం నీలంగా ఉంటుంది. మన కన్ను కాసేపట్లో దానికి అలవాటు పడినా, ముఖాలు మాత్రం పాలిపోయినట్టు అనిపించి పసుపు పెంచుతాం. విండోస్ టూల్ కూడా మన కంటినే నమ్ముకుంటుంది, అందుకే మీకు తేడా రాలేదు. నేను మీటర్ కొనుక్కుని డిస్‌ప్లేకాల్‌తో చేస్తున్నాను, ఆ సాఫ్ట్‌వేర్ ఉచితమే. స్క్రీన్‌ను అరగంట వేడెక్కనిచ్చి, తెలుపు 6500 కెల్విన్ (ఈ అంకె పెరిగేకొద్దీ తెలుపు నీలంగా మారుతుంది), గామా (మధ్యస్థ వెలుగులు ఎంత ముదురుగా కనిపించాలో చెప్పేది) 2.2 పెడతాను. కొలత అయ్యేదాకా బ్రైట్‌నెస్ ముట్టుకోను, ఆ తర్వాత కూడా అదే ఉంచుతాను. చివర్లో వచ్చే ఐసీసీ ప్రొఫైల్‌ను (మన స్క్రీన్ రంగుల్ని వివరించే ఫైలు) ఫొటోషాప్ పూర్తిగా వాడుకుంటుంది. అన్ని వ్యూయర్లూ వాడవు, కాబట్టి అదే ఫొటో రెండుచోట్ల రెండు రకాలుగా కనిపిస్తే కంగారు పడకండి.

రంగుల_పెట్టె:
ఒక మాట ముందే చెప్పాలి. మీ ల్యాప్‌టాప్ మోడల్ వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) అని ఉందేమో చూడండి. అంటే ఎస్‌ఆర్‌జీబీ (ఫొటోలకు మామూలుగా వాడే రంగుల పరిధి) రంగుల్లో మూడింట రెండు వంతుల దాకే చూపించగలదు. ఏ మీటరూ లేని రంగును తెప్పించలేదు. కుంకుమ ఎరుపు, చిలకపచ్చ లాంటివి అక్కడ వెలిసినట్టే ఉంటాయి. ఆల్బమ్‌ల పనే బతుకుతెరువు అయితే ఎస్‌ఆర్‌జీబీ పూర్తిగా చూపించే ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం) మానిటర్ ఒకటి పక్కన పెట్టుకోండి.

తుని_ఆల్బమ్స్:
అందరికీ థ్యాంక్స్. నాది 45 శాతందే. ఫ్రెండ్ దగ్గర మీటర్ తెచ్చి కొలిస్తే తెలుపు 7400 కెల్విన్ ఉంది, నీలం కాక ఏముంటుంది! కాలిబ్రేట్ చేసి, ఆ చీర ఫొటోనే మళ్లీ ఎడిట్ చేసి, 4×6లో ఒక్క ప్రింటు వేయించాను. ముఖాలు సరిగ్గా వచ్చాయి. చీర పచ్చ కూడా దాదాపు కుదిరింది. ఎర్ర అంచు మాత్రం స్క్రీన్‌లో కంటే ప్రింటులోనే నిండుగా ఉంది. మానిటర్ కొనేదాకా ఎరుపు జోలికి పోను.