సికిల్ సెల్ పిల్లాడు కాళ్ల నొప్పితో చేరి, మూడో రోజుకు ఆయాసంలో పడ్డాడు. ముందే ఎట్లా పసిగట్టాలి?

సిరొంచ సిస్టర్ (ప్రశ్న)

అక్కలకు, అన్నలకు నమస్తే. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అయ్యాక మహారాష్ట్రలోని మా సిరొంచ వైపే కాంట్రాక్టు మీద చేస్తున్నాను. కేస్ షీటు ఇంగ్లీషులో, రిజిస్టరు మరాఠీలో, పేషెంటుతో మాట తెలుగులో, కుదరకపోతే గోండిలో. అదంతా అలవాటైపోయింది. మింగుడుపడనిది వేరే ఉంది.

పోయిన చలికాలం ఇంద్రావతి వైపు పల్లె నుంచి ఒక అబ్బాయిని తెచ్చారు. పదిహేనేళ్లలోపే. సికిల్ సెల్ ఎస్ఎస్ (అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు వైపులా వచ్చిన రక్తం జబ్బు) అని కార్డు కూడా ఉంది. నాలుగు రోజులు పత్తి ఏరడానికి పోయాడట, రెండు కాళ్లు, నడుము పట్టేసి ఏడుస్తూ వచ్చాడు. సెలైన్, నొప్పి ఇంజెక్షన్ నడిచాయి. మర్నాడు కాస్త నయమన్నారు. ఆ మర్నాడు పొద్దున నేను డ్యూటీకి వచ్చేసరికి మంచం అంచున ముందుకు వంగి కూర్చొని, పొట్టి పొట్టిగా ఊపిరి తీస్తున్నాడు. ఏమైంది అంటే రెండు ముక్కలు చెప్పి ఆగుతున్నాడు. చార్టు చూస్తే రాత్రంతా రెస్పిరేషన్ (నిమిషానికి ఎన్ని ఊపిర్లు) 18, 18, 18. నేను లెక్కపెడితే 34! ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింద భాగం తెల్లగా వచ్చింది. డాక్టరుగారు అక్యూట్ చెస్ట్ సిండ్రోమ్, అంటే సికిల్ సెల్ ఊపిరితిత్తులను దెబ్బతీయడం అన్నారు. ఆక్సిజన్ పెట్టి గోదావరి బ్రిడ్జి దాటించి వరంగల్ పంపాం. బతికాడు.

నా ప్రశ్న ఇది. కాళ్లలో ఉన్న జబ్బు ఛాతీకి ఎట్లా ఎక్కింది? హిమోగ్లోబిన్‌లో గ్లుటామిక్ యాసిడ్ ఉండాల్సిన చోట వేలీన్ వచ్చిందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, మంచం పక్కన నిలబడితే అది దేనికీ అక్కరకు రావడం లేదు. ఇలాంటి పిల్లాడు మళ్లీ వస్తే ఏమేం చూడాలి?

రాయగడ అక్క

చెల్లీ, జబ్బు కాళ్ల నుంచి ఛాతీకి ఎక్కలేదు. మొదటి నుంచీ రక్తంలోనే ఉంది. రక్తం పోని చోటు ఒంట్లో ఎక్కడుంది చెప్పు? కాళ్లు ముందు బయటపడ్డాయి, అంతే.

ఆ వేలీన్ సంగతి పారేయకు, అక్కడి నుంచే అన్నీ వస్తాయి. అట్లా మారినదే ఎస్ హిమోగ్లోబిన్. ఆక్సిజన్ వదిలేశాక అది ఒకదానికొకటి అతుక్కొని పోగులు కడుతుంది, దాంతో కణం కొడవలిలా వంగుతుంది. ఆక్సిజన్ తగిలితే మళ్లీ గుండ్రమవుతుంది, కానీ పదే పదే వంగితే ఇక తిరిగి రాదు. మామూలు కణం 120 రోజులు బతికితే ఇది 10-20 రోజులకే పోతుంది. ఒంట్లో నీళ్లు తగ్గినా, చలి తగిలినా, జ్వరం వచ్చినా వంగడం పెరుగుతుంది. తెల్లారగట్ల మంచులో చేలోకి పోయి, మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా పత్తి ఏరాడంటే కారణం అందులోనే ఉంది. హిస్టరీలో దాన్ని అడగాలి. 'కాళ్ల నొప్పి, మూడు రోజులు' అని రాసి వదిలేస్తే సరిపోదు.

ఇక ఛాతీ. ఎముకకు రక్తం అందక లోపలి మూలుగ చచ్చిపోతే, దాని కొవ్వు రక్తంలో పడి ఊపిరితిత్తుల్లో ఇరుక్కోవచ్చు. పక్కటెముకలు నొప్పి పెడితే పిల్లాడు నిండుగా ఊపిరి తీయడు, మందు మత్తులో ఉన్నా అంతే. కింది భాగం తెరుచుకోదు, ఆక్సిజన్ తగ్గుతుంది, తగ్గితే ఇంకా కణాలు వంగుతాయి. చిన్నపిల్లల్లో ఇన్ఫెక్షన్ కూడా పెద్ద కారణమే. నొప్పితో చేరినవాళ్లలో ఇది ఎక్కువగా ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. అందుకే 'నొప్పి తగ్గింది' అని అందరూ ఊపిరి పీల్చుకునే రెండో రోజు నేను ఇంకాస్త దగ్గరగా చూస్తాను.

18 సంగతి అడగకు. మా వైపు కూడా ఏ చార్టు తీసినా 18, 20. ఈ సరిహద్దు జిల్లాల జనమంతా ఒకే తాళానికి ఊపిరి తీస్తారు కాబోలు! నేనైతే నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకొని, కళ్లు పొట్ట మీదా ఛాతీ మీదా పెట్టి నిండు నిమిషం లెక్కపెడతాను. లెక్కపెడుతున్నానని చెబితే ఊపిరి మారిపోతుంది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయా, పక్కటెముకల మధ్య గుంట పడుతోందా చూస్తాను. గట్టిగా లోపలికి పీల్చమంటాను. సగంలో ముఖం చిట్లించి ఆపేస్తే అక్కడ ఏదో ఉంది. చొక్కా ఎత్తి వీపు కింది భాగంలో స్టెత్ పెట్టు. ముందు నుంచి విని వదిలేస్తే తెలియదు.

ఆక్సిజన్ శాతం వాడి మామూలుతో పోల్చాలి. చేరిన రోజు 98 ఉన్నవాడికి ఈరోజు 94 వచ్చిందంటే డాక్టరుకు ఫోన్ చేస్తాను, 'బోర్డర్‌లో ఉందిలే' అనుకోను. ముందు చేయి వెచ్చగా రుద్ది మళ్లీ పెట్టు, చల్లటి వేలు అబద్ధం చెబుతుంది. హిమోగ్లోబిన్ కూడా అంతే. పాత కాగితాలు అడుగు. 8 అనేది వాడికి మామూలే కావచ్చు, ఉన్నట్టుండి 6కు పడితే కాదు. ప్లీహం మీద చేయి వేసినప్పుడు అంచు దగ్గర పెన్నుతో గీత పెట్టమని డాక్టరును అడుగుతాను. పుస్తకాల్లో చిన్నప్పుడే ప్లీహం ఎండిపోతుందని ఉంటుంది గానీ, మన ఒడిశా, మధ్య భారతం వైపు పిల్లలకు పెద్దయ్యాక కూడా ఉబ్బి ఉండటం మామూలే. రక్తమంతా అందులో ఇరుక్కుంటే గీత దాటి పెరుగుతుంది, పిల్లాడు తెల్లగా పాలిపోతాడు.

ఇంకోటి. 'ఫోన్ చూస్తున్నాడు, వీడికేం నొప్పి' అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. చిన్నప్పటి నుంచీ నొప్పితో పెరిగినవాడు కేకలు పెట్టడు. నాడి, బీపీ మామూలుగా ఉన్నా నొప్పి పదికి ఎనిమిది ఉండొచ్చు. వాడు చెప్పిందే రాయాలి.

గుణుపురం బ్రదర్

అక్క అన్నీ చెప్పింది. జ్వరం గురించి ఒక్క ముక్క. 38.5 డిగ్రీలు, అంటే 101.3 ఫారెన్‌హీట్ దాటితే సికిల్ పిల్లల్లో అది ఎమర్జెన్సీయే. రక్తంలోని క్రిములను వడకట్టేది ప్లీహం, అది పెద్దగా కనిపించినా పని చేయకపోవచ్చు. మన అడవి జిల్లాల్లో మలేరియా టెస్టు చేయకుండా ఉండలేం, కానీ పాజిటివ్ రాగానే 'ఓహో మలేరియా' అని ఛాతీ వినడం మానేయకూడదు. రెండూ ఉండొచ్చు. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు కల్చర్‌కు (ఏ క్రిమో తేల్చే పరీక్షకు) రక్తం తీయండి, అలాగని మందు ఆలస్యం చేయొద్దు. మాట తడబడినా, ఒక చెయ్యి బరువెక్కిందన్నా స్ట్రోక్ అనుకొని పరుగెత్తాలి. మగపిల్లలు అంగం గట్టిపడి నొప్పి పెడుతున్నా సిగ్గుతో చెప్పరు. మాలాంటి మగ నర్సులం పక్కకు తీసుకెళ్లి అడిగితే చెబుతారు.

ఒక్కటే అనుమానం అక్కా. రాత్రి వార్డుకు ఒక్కరమే. నిండు నిమిషం ఎంతమందికని లెక్కపెడతాం?

సిరొంచ సిస్టర్

అదే నేనూ అడగబోయాను. సెలైన్ కూడా, నీళ్లు తగ్గితే కణాలు వంగుతాయని మా దగ్గర రెండు చేతులకూ వేలాడదీస్తారు. మరి ఊపిరి నిండుగా తీయించే ఆ మూడు బంతుల మిషన్ మా దగ్గర లేదు.

రాయగడ అక్క

సెలైన్ ఎక్కువైతే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకే పోతాయి చెల్లీ. నోటితో తాగుతున్నాడంటే అది కూడా లెక్కలోకి రావాలి, ఇన్‌పుట్ అవుట్‌పుట్ రాసి డాక్టరుకు చూపించి డ్రిప్ తగ్గించమని అడుగు. మిషన్ లేకపోతే నువ్వే ఎదురుగా కూర్చొని పీల్చి, కాస్త ఆపి, వదిలి చూపించు. మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి పది సార్లు. చిన్నపిల్లలైతే సబ్బు నీళ్లతో బుడగలు ఊదించు.

బ్రదర్, అందరికీ నిమిషం పెట్టమనడం లేదు. సికిల్ మంచాన్ని నర్సు టేబుల్ ఎదురుగా వేయించండి. మామూలుగా నాలుగు గంటలకోసారి, ట్రామడాల్, మార్ఫిన్ లాంటివి ఇచ్చాక గంటకోసారి. అప్పుడు ఊపిరి మరీ నెమ్మదించినా, పిలిస్తే బద్ధకంగా పలికినా చెప్పాల్సిందే. డ్యూటీ మారేటప్పుడు రాసే హ్యాండోవర్‌లో అంకెతో పాటు 'వాక్యం పూర్తిగా మాట్లాడుతున్నాడు' అనో 'రెండు మాటలకు ఆగుతున్నాడు' అనో రాయండి. పక్కన కూర్చున్న నాయనమ్మకు గోండిలోనో కుయిలోనో వార్డు ఆయాతో చెప్పించండి, ఊపిరి గుర్రుమన్నా, పిల్లాడు పడుకోలేక లేచి కూర్చున్నా మనల్ని లేపమని.